వాణిజ్య వస్త్ర వ్యర్థాల రీసైక్లింగ్

నగరాల్లోని వ్యాపార సంస్థలు వాడి పక్కన పెట్టిన బట్టను, అమ్ముడుపోక మిగిలిన సరుకును, తయారీలో కత్తిరించి పడేసిన ముక్కలను విడిగా సేకరించి, రకాలవారీగా వేరుచేసి, మళ్లీ వాడకానికో ముడిసరుకుగానో పంపే పనిని వాణిజ్య వస్త్ర రీసైక్లింగ్ అంటారు. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, ఆసుపత్రుల పడక గుడ్డలు, సెక్యూరిటీ, రవాణా సంస్థల యూనిఫారాలు, గార్మెంట్ యూనిట్ల కటింగ్ ముక్కలు, దుకాణాల్లో సీజన్ దాటిపోయిన దుస్తులు, డిజైన్ స్టూడియోల శాంపిల్ గుడ్డలు దీని పరిధిలోకి వస్తాయి.

ఇళ్ల నుంచి వచ్చే పాత బట్టల మూటలో జీన్సు ప్యాంటు, నైలాన్ చీర, ఉన్ని స్వెట్టరు, పిల్లల బనియన్లు కలగలిసి ఉంటాయి. ఒక హోటల్ ఒకేసారి తీసేసే వందల దుప్పట్లు మాత్రం చాలావరకు ఒకే మిల్లువి, ఒకే రంగువి, ఒకే నూలువి. ఏ నూలు ఎంత శాతమో కొనుగోలు కాగితాల్లోనే ఉంటుంది. ఒకే రకం సరుకు పెద్ద మొత్తంలో, క్రమం తప్పకుండా రావడమే వాణిజ్య వ్యర్థాల విలువకు మూలం. సంస్థ గుమ్మం దాటకముందే ఈ సరుకును తడి చెత్తలోనో ఇతర గుడ్డల్లోనో కలిపేస్తే ఆ విలువలో ఎక్కువ భాగం పోతుంది.

పరిభాష

ఈ రంగంలో వ్యర్థాలను రెండుగా విడదీస్తారు. మిల్లులో, కటింగ్ టేబుల్ దగ్గర, గోదాములో మిగిలినది వాడకానికి ముందరి వ్యర్థం. తొడిగి, పరిచి, తుడిచి తీసేసినది వాడిన తరువాతి వ్యర్థం. అదే బట్టను బట్టగానే ఇంకొకరు వాడితే పునర్వినియోగం. గుడ్డను చీల్చి తుడుపుగుడ్డగానో, పరుపులో కూరేందుకో, శబ్దాన్ని ఆపే ఫెల్ట్‌గానో మార్చితే దిగువ వాడకం. మళ్లీ నూలు వడికి బట్ట నేస్తే దాన్ని నూలు నుంచి నూలుకు రీసైక్లింగ్ అంటారు. వ్యాపార ప్రకటనల్లో మూడింటికీ రీసైక్లింగ్ అనే ఒక్క మాటే వాడుతుంటారు. అందువల్ల ఒక సంస్థ తన బట్టంతా రీసైకిల్ అయిందని చెప్పినప్పుడు అందులో ఎంత ఏ దారిన పోయిందో విడిగా చూడాల్సి ఉంటుంది.

చరిత్ర

19వ శతాబ్దం మధ్య దాకా ఐరోపాలో కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు పాత నార, నూలు గుడ్డలే. వీధివీధి తిరిగి పేలికలు కొనేవారు కాగితపు మిల్లులకు సరుకు చేరవేసేవారు. చెక్క గుజ్జుతో కాగితం చేయడం స్థిరపడ్డాక ఈ గిరాకీ తగ్గింది. చేతితో చేసే కాగితానికి, దస్తావేజుల కాగితానికి గుడ్డ గుజ్జును ఇప్పటికీ వాడతారు.

ఉన్ని విషయంలో మలుపు ఇంగ్లండులో వచ్చింది. యార్క్‌షైర్‌లోని బాట్లీ పట్టణంలో బెంజమిన్ లా 1813లో పాత ఉన్ని గుడ్డలను చీల్చి, వచ్చిన పోగుకు కొత్త ఉన్ని కలిపి, మళ్లీ వడికి నేసే పద్ధతిని కనిపెట్టాడని చెబుతారు. ఆ గుడ్డకు షాడీ అనే పేరు వచ్చింది. వదులుగా అల్లిన గుడ్డల నుంచి షాడీ తయారయ్యేది. గట్టిగా నేసిన కోటు గుడ్డలు, దర్జీల దగ్గరి కత్తిరింపుల నుంచి పోగు తీసే మంగో పద్ధతి 1830లలో మొదలైంది. దర్జీ కొట్లలో మిగిలిన ముక్కలు వ్యాపార సంస్థల వ్యర్థాలే కనుక, నేటి వాణిజ్య రీసైక్లింగుకు తొలి పారిశ్రామిక రూపం మంగో అనవచ్చు. ముళ్ల డ్రమ్ముతో గుడ్డను పీకే యంత్రానికి అక్కడి కార్మికులు డెవిల్ అని పేరు పెట్టుకున్నారు. బాట్లీ, డ్యూస్‌బరీ పట్టణాలు పాత గుడ్డల వేలానికి, షాడీ మిల్లులకు పేరుపొందాయి.

ఉన్నిలో కలిసిన నూలును వదిలించడానికి ఆమ్లంతో కాల్చి పొడిగా రాల్చే కార్బనైజింగ్ పద్ధతి 19వ శతాబ్దంలోనే వచ్చింది. ఆమ్లానికి పత్తి బొగ్గయి రాలిపోతుంది, ఉన్ని నిలుస్తుంది.

ఈ గుడ్డకు చెడ్డపేరూ వచ్చింది. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు సరఫరా చేసిన షాడీ యూనిఫారాలు త్వరగా చిరిగిపోయి పెద్ద దుమారం లేచింది. తరువాత అమెరికా తెచ్చిన 1939 నాటి ఉన్ని ఉత్పత్తుల లేబులింగ్ చట్టం ప్రకారం బట్టలో ఉన్నది కొత్త ఉన్నో, తిరిగి తీసిన ఉన్నో లేబుల్‌పై చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం తరువాత సింథటిక్ నూళ్లు కలిసిన గుడ్డలు పెరగడంతో పోగు తీయడం కష్టమై పాత కేంద్రాలు చాలావరకు మూతపడ్డాయి. ఇటలీలోని ప్రాటో మాత్రం రంగుల వారీగా ఉన్ని గుడ్డను వేరుచేసే నైపుణ్యంతో నిలబడింది.

వ్యర్థాల రకాలు

కటింగ్ ముక్కలు. బట్ట పరిచి కత్తిరించేటప్పుడు అంచుల్లో, మూలల్లో మిగిలేవి. ఎవరూ తొడగనివి, ఉతకనివి కనుక నూలులో బలం తగ్గదు. రంగుల వారీగా వేరుచేస్తే వాటి నుంచి తీసిన దారానికి మళ్లీ రంగు వేయనవసరం లేదు. అద్దకంలో ఖర్చయ్యే నీరు, రసాయనాలు అలా మిగులుతాయి. ఈ వ్యాపారంలో వీటికే మంచి ధర.

పడక గుడ్డలు, తువ్వాళ్లు. హోటల్ లాండ్రీలో పదేపదే వేడినీళ్లు, బ్లీచింగ్ తగిలి నూలు బలహీనపడుతుంది. చిరిగిన దుప్పటిని ముందు దిండు గలేబులుగా, తుడుపుగుడ్డలుగా హోటల్లోనే కత్తిరించుకోవడం పాత అలవాటు. ఆ దశ దాటినవే బయటికి వస్తాయి. పూర్తి నూలు దుప్పట్లకు గిరాకీ ఉంటుంది. త్వరగా ఆరుతాయని, ముడతలు పడవని హోటళ్లు కొనే పాలిస్టర్ కలిసిన దుప్పట్లను రీసైకిల్ చేయడం కష్టం.

యూనిఫారాలు. ఇందులో ప్రధాన సమస్య భద్రత. కొరియర్ సంస్థ చొక్కానో సెక్యూరిటీ గార్డు దుస్తులో బయటివారి చేతిలో పడితే దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉంది. అందుకే సంస్థలు లోగోలు, భుజపట్టీలు, బొత్తాలు ఊడదీయించి, మిగిలిన గుడ్డను చీల్చినట్టు ధ్రువపత్రం అడుగుతాయి. తొడగదగిన బట్టను కూడా చీల్చేయాల్సి రావడంతో ఇక్కడ పునర్వినియోగానికి అవకాశం తక్కువ.

ఆసుపత్రి గుడ్డలు. భారతదేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రక్తం, శరీర ద్రవాలు అంటి పారవేసిన పడక గుడ్డలు, పరుపులు పసుపు రంగు సంచీలోకి వెళ్లాలి. అవి రీసైక్లింగుకు రావు. మరకలు లేని పాత దుప్పట్లు, కర్టెన్లు మాత్రమే మామూలు వస్త్ర వ్యర్థాలుగా లెక్కకు వస్తాయి. ఈ రెండూ కలవకుండా చూడటం ఆసుపత్రి బాధ్యత.

అమ్ముడుపోని సరుకు. కొత్త బట్టే అయినా బ్రాండు విలువ పడిపోతుందన్న భయంతో కొన్ని కంపెనీలు తగలబెట్టించేవి. బర్బెర్రీ 2017-18 ఆర్థిక సంవత్సరంలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకును ధ్వంసం చేసినట్టు తన వార్షిక నివేదికలోనే రాసింది. 2018లో విమర్శలు రావడంతో ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది.

చూడండి: చట్టాలు, నియమాలు

సేకరణ, వేరుచేత

సేకరణలో మొదటి నియమం పొడిగా ఉంచడం. బేలు కట్టిన గుడ్డలో ఒక్క సంచి తడిసినా బూజు చుట్టుపక్కలకు పాకుతుంది. నూనె, పెయింటు, రసాయనాలు అంటిన గుడ్డను ఏ సార్టింగ్ కేంద్రమూ తీసుకోదు. అలాంటి గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది.

వేరుచేత చాలాచోట్ల ఇంకా చేతిపనే. అనుభవమున్న కార్మికులు గుడ్డను వేళ్ల మధ్య నలిపి, కొన్నిసార్లు ఒక పోగు కాల్చి వాసన చూసి అది నూలో, పాలిస్టరో, ఉన్నో చెబుతారు. ముందు తొడగదగినవి పక్కకు తీస్తారు. తరువాత తుడుపుగుడ్డలకు పనికివచ్చేవి, ఆపైన రంగు, నూలు వారీగా చీల్చడానికి వెళ్లేవి. జిప్పులు, బొత్తాలు, రివెట్లు, లేబుళ్లు ఊడదీయడానికి పట్టే సమయమే ఖర్చులో పెద్ద భాగం. ఇవేమీ లేని హోటల్ దుప్పట్లు, కటింగ్ ముక్కలు చీల్చే యంత్రం దగ్గరికి త్వరగా చేరతాయి.

యంత్రాలతో వేరుచేయడానికి సమీప పరారుణ కాంతిని వాడతారు. ఒక్కో రకం నూలు ఆ కాంతిని ఒక్కో తీరున ప్రతిఫలిస్తుంది. స్వీడన్‌లోని మాల్మోలో 2020లో మొదలైన సిప్‌టెక్స్ కేంద్రం ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున పనిచేసే వాటిలో ఒకటి, దాని సామర్థ్యం ఏటా 24,000 టన్నులు. ఈ యంత్రం పైపొరనే చదువుతుంది కనుక లోపల లైనింగ్ ఉన్న కోటు దగ్గర తడబడుతుంది. నల్ల గుడ్డ కాంతిని మింగేయడంతో దాన్ని గుర్తించడం కష్టం. నల్ల ప్యాంట్లు, నల్ల కోట్లు యూనిఫారాల్లో ఎక్కువ కావడం ఇక్కడి ఇబ్బంది.

రీసైక్లింగ్ పద్ధతులు

*యాంత్రిక పద్ధతి.* గుడ్డను గిలెటిన్ కత్తితో చిన్న ముక్కలు చేసి, ముళ్ల డ్రమ్ముల వరస గుండా పంపితే నేత విడిపోయి పోగు బయటికి వస్తుంది. దాన్ని ఏకి, వడుకుతారు. బాట్లీ నాటి యంత్రానికీ నేటి యంత్రానికీ సూత్రం ఒకటే. లోపమూ అదే: పీకేటప్పుడు పోగులు తెగి పింజ పొడవు తగ్గుతుంది. పొట్టి పింజతో సన్నని దారం రాదు, అందుకే ఓపెన్ ఎండ్ వడుకు యంత్రాలపై ముతక దారం తీస్తారు. బలం కోసం కొత్త పత్తో పాలిస్టరో కలుపుతారు. ఆ దారంతో దుప్పట్లు, తివాచీలు, కర్టెన్లు, చేతి తొడుగులు, ముతక జీన్సు తయారవుతాయి. సాగే ఎలాస్టేన్ కలిసిన గుడ్డ డ్రమ్ములో సరిగ్గా విడిపోక ముద్దలు కడుతుంది.

*రసాయన పద్ధతి.* పాలిస్టర్ పొడవైన అణుగొలుసు. దాన్ని గ్లైకాల్‌తోనో మెథనాల్‌తోనో విడగొట్టి మొదటి రసాయనాలకు తెచ్చి, మళ్లీ కొత్త పాలిస్టర్‌గా అల్లవచ్చు. నైలాన్-6ను కాప్రోలాక్టంగా విడగొట్టి మళ్లీ నైలాన్ చేయడం ఇప్పటికే వ్యాపారంగా నడుస్తోంది. పత్తి విషయంలో పాత గుడ్డను కరిగించి సెల్యులోజ్ గుజ్జు తీసి, విస్కోస్ వంటి నూలు చేస్తారు. పత్తి, పాలిస్టర్ కలిసిన గుడ్డను విడదీయడమే అన్నిటికన్నా కష్టమైన లెక్క. హాంకాంగ్‌లోని వస్త్ర పరిశోధన సంస్థ ఒకటి వేడి, ఒత్తిడి, నీటితో పత్తిని పొడిగా రాల్చి పాలిస్టర్‌ను పోగుగానే నిలిపే పద్ధతిని రూపొందించింది.

ఈ మార్గం ఆర్థికంగా ఎంత సున్నితమో స్వీడన్ కంపెనీ రీన్యూసెల్ ఉదంతం చూపింది. సుండ్స్‌వాల్‌లో మూతపడిన కాగితపు మిల్లు స్థలంలో 2022లో అది భారీ కర్మాగారం తెరిచి, పాత నూలు గుడ్డ నుంచి గుజ్జు తీయడం మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో దివాలా తీసింది. పరిజ్ఞానం పనిచేసింది, కొనేవారే తగినంత మంది రాలేదు. అదే ఏడాది కొత్త యాజమాన్యం చేతికి వెళ్లి సర్క్యులోస్ అని పేరు మార్చుకుంది.

*దిగువ వాడకాలు.* యంత్రాలు తుడిచే గుడ్డలకు కర్మాగారాల్లో, ప్రెస్సుల్లో, గ్యారేజీల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పత్తి శాతం ఎక్కువ ఉండి, పలుమార్లు ఉతికి మెత్తబడిన తెల్ల గుడ్డ ఇందుకు శ్రేష్ఠం. హోటల్ తువ్వాళ్లకు ఇక్కడే మంచి గిరాకీ. ఏ నూలో తేల్చలేని మిశ్రమ గుడ్డ నలిగి ఫెల్ట్‌గా మారి కార్ల తలుపుల లోపల, గోడల మధ్య, సోఫాల అడుగున చేరుతుంది.

ముఖ్య కేంద్రాలు

హర్యానాలోని పానిపట్ ప్రపంచంలోని పెద్ద పాత గుడ్డల కేంద్రాల్లో ఒకటి. చలిదేశాల నుంచి పాత స్వెట్టర్లు, కోట్లు ఇక్కడికి వస్తాయి. పాత దుస్తులను యథాతథంగా దిగుమతి చేసుకోవడంపై భారతదేశంలో ఆంక్షలు ఉన్నాయి. తొడగడానికి వీల్లేకుండా చీల్చినవైతే ముడిసరుకుగా రావచ్చు. వాటిని రంగుల కుప్పలుగా పోసి, చీల్చి, షాడీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. వరదలు, భూకంపాల సమయంలో సహాయ సంస్థలు పంచే చవక దుప్పట్లలో చాలా భాగం ఇక్కడివే. తేలికైన పాలిస్టర్ ఫ్లీస్ దుప్పట్లు మార్కెట్లోకి వచ్చాక షాడీ దుప్పటికి గిరాకీ తగ్గి, చాలా మిల్లులు నూలు కటింగ్ ముక్కల వైపు, ఫ్లీస్ తయారీ వైపు మళ్లాయి.

తమిళనాడులోని తిరుప్పూర్ బనియన్లు, టీషర్టుల ఉత్పత్తి కేంద్రం. అక్కడి కటింగ్ ముక్కలు చుట్టుపక్కల ఓపెన్ ఎండ్ మిల్లులకు వెళ్లి మళ్లీ దారమవుతాయి. గుజరాత్‌లోని కాండ్లాలో 1965లో ఏర్పడిన ఎగుమతి మండలంలో పాత దుస్తులను తెచ్చి, వేరుచేసి, తొడగదగినవాటిని తిరిగి విదేశాలకు పంపే యూనిట్లు ఉన్నాయి.

న్యూయార్క్ నగరం

నగర పాలక వ్యవస్థ వ్యాపార సంస్థల వస్త్ర వ్యర్థాలను నేరుగా నియమంలోకి తెచ్చిన ఉదాహరణ న్యూయార్క్. అక్కడ ఇళ్ల చెత్తను నగర పారిశుద్ధ్య విభాగం తీసుకెళ్తుంది. వ్యాపార సంస్థలు లైసెన్సు ఉన్న ప్రైవేటు చెత్త రవాణాదారులకు డబ్బు కట్టి తీయించుకోవాలి. ఏ నెలలోనైనా ఒక సంస్థ చెత్తలో 10 శాతానికి మించి వస్త్రాలు ఉంటే వాటిని తప్పనిసరిగా రీసైకిల్ చేయించాలి. దుస్తులతో పాటు గుడ్డ ముక్కలు, బెల్టులు, సంచులు, చెప్పులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. కుట్టు యూనిట్లు, డిజైన్ సంస్థలు, బట్టల దుకాణాల వంటివాటికి ఈ నియమం వర్తించే అవకాశం ఎక్కువ. నెలవారీ శాతాన్ని ఎవరు తూచి చూస్తారన్నది దీని అమలులో బలహీనమైన చోటు.

నగర పారిశుద్ధ్య విభాగంలో పనిచేసిన జెస్సికా ష్రైబర్ 2016లో ఫ్యాబ్‌స్క్రాప్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. బ్రూక్లిన్ కేంద్రంగా అది డిజైన్ స్టూడియోల గుడ్డను సేకరిస్తుంది. స్టూడియోల భయం ఏమిటంటే విడుదల కాని డిజైను బయటికి పొక్కడం. దానికి ఈ సంస్థ చూపిన ఉపాయం రెండు రంగుల సంచులు. గోధుమ రంగు సంచిలో వేసిన గుడ్డను మళ్లీ అమ్మవచ్చు, విద్యార్థులకు ఇవ్వవచ్చు. నల్ల సంచిలో వేసినది గోప్యమైన సరుకు, దాన్ని నేరుగా చీల్చడానికే పంపుతారు. వ్యాపార రహస్యానికీ పునర్వినియోగానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో స్టూడియోలోనే తేలిపోతుంది.

చట్టాలు, నియమాలు

ఫ్రాన్స్ 2007లోనే ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత సూత్రాన్ని దుస్తులకు వర్తింపజేసింది. మార్కెట్లోకి బట్ట తెచ్చే ప్రతి కంపెనీ దాని సేకరణ, వేరుచేత ఖర్చులో వాటా కట్టాలి. అమ్ముడుపోని దుస్తులను ధ్వంసం చేయడాన్ని 2020 నాటి చట్టం ద్వారా 2022 నుంచి నిషేధించింది. నెదర్లాండ్స్‌లో ఉత్పత్తిదారుల బాధ్యత 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య సభ్యదేశాలన్నీ 2025 జనవరి 1 నుంచి వస్త్ర వ్యర్థాలను విడిగా సేకరించాలి. పెద్ద కంపెనీలు అమ్ముడుపోని దుస్తులను, చెప్పులను ధ్వంసం చేయకుండా సమాఖ్య నిషేధానికి 2026 జులై 19ని గడువుగా పెట్టింది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2022 నవంబర్ 1 నుంచి వస్త్రాలను చెత్తలో వేయడాన్ని ఇళ్లకూ వ్యాపారాలకూ నిషేధించింది. కాలిఫోర్నియా 2024లో దుస్తులకు ఉత్పత్తిదారుల బాధ్యత చట్టం చేసింది.

భారతదేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలను భారీ వ్యర్థ ఉత్పాదకులుగా గుర్తించి, తడి, పొడి చెత్తలను వేరుచేసి ఇవ్వాలన్నాయి. ఆ లెక్కలో గుడ్డ పొడి చెత్తలో ఒక భాగం మాత్రమే. ప్లాస్టిక్‌కు ఉన్నట్టు వస్త్రాలకు ప్రత్యేక నియమాలు అందులో లేవు.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాత బట్టల చలామణి ఎక్కువగా అసంఘటిత వ్యాపారమే. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చి ఇళ్ల దగ్గర పాత చీరలు, ప్యాంట్లు తీసుకునేవారు, వాటిని బాగుచేసి సంతల్లో అమ్మేవారు, మిగిలిన పేలికలు కొనేవారు ఇందులోని వరుస. మెకానిక్ షెడ్లలో చేతులు, యంత్రాలు తుడుచుకునే వేస్టు గుడ్డ ఈ వరుసలోని చివరి మెట్టు. పాత పరుపుల దూదిని మళ్లీ ఏకి కొత్త పరుపు కుట్టడం దూదేకుల కులవృత్తిగా తరతరాలుగా సాగింది. పాత చీరలతో బొంతలు కుట్టుకోవడం ఇళ్లలో అలవాటు.

సంస్థల వైపు చూస్తే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ వంటి పెద్ద దుస్తుల పార్కులు కటింగ్ ముక్కలకు మూలం. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతిల్లోని హోటళ్లు, ఆసుపత్రులు, బట్టల షోరూములు మరో మూలం. వీటి గుడ్డ చాలావరకు స్క్రాప్ కాంట్రాక్టర్ ద్వారా ఇతర సామానుతో కలిసి బయటికి పోతుంది.

సంస్థ దగ్గర పోగయ్యే బట్టకు క్రమబద్ధమైన ఏర్పాటు ఒకటి ఇక్కడి ఆలయాల్లో కనిపిస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులు సమర్పించిన వస్త్రాలను రకాలవారీగా లాట్లు చేసి వేలం వేస్తుంది. విజయవాడ కనకదుర్గ ఆలయంలో అమ్మవారికి సమర్పించిన చీరలను భక్తులకు అమ్ముతారు. రీసైక్లింగ్ అన్న పేరు దానికెవరూ పెట్టలేదు కానీ, సరుకును పొడిగా, విడివిడిగా నిల్వచేసి, లెక్క రాసి, బహిరంగంగా అమ్మడం వాణిజ్య పునర్వినియోగానికి కావలసిన ప్రక్రియే.

పరిమితులు, విమర్శలు

ఎలెన్ మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2017 నివేదిక ప్రకారం దుస్తుల తయారీలో వాడిన పదార్థంలో 1 శాతం కన్నా తక్కువే మళ్లీ దుస్తులవుతోంది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల్లో 2018లో అక్కడి మునిసిపల్ చెత్తలో 1.7 కోట్ల టన్నుల వస్త్రాలు ఉండగా, రీసైకిలైనది 14.7 శాతం. ఇక్కడ టన్ను అంటే సుమారు 907 కిలోలు. భారతదేశంలో ఏటా చేరే వస్త్ర వ్యర్థాలు సుమారు 78 లక్షల టన్నులని 2022లో వెలువడిన ఒక పరిశ్రమ అధ్యయనం అంచనా వేసింది. ఇందులో దిగుమతైన పాత గుడ్డ కూడా ఉంది.

విడిగా సేకరించినదంతా రీసైకిల్ కావడం లేదు. ధనిక దేశాల సార్టింగ్ కేంద్రాల నుంచి బేళ్లు ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో సంతకు, చిలీలోని ఇకీకే రేవుకు చేరతాయి. అక్కడ అమ్ముడుపోనివి సముద్ర తీరంలో, అటకామా ఎడారిలో కుప్పలవుతున్నాయి. చీల్చే యూనిట్లలో పనిచేసేవారికి నూలు దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బుల ముప్పు ఉంది. పానిపట్‌లో బ్లీచింగ్, రంగుల యూనిట్ల మురుగునీటిపై ఫిర్యాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి.

ధర విషయంలోనూ పోటీ సమానంగా లేదు. కొత్త పాలిస్టర్ ధర ముడిచమురుతో పాటు పడిపోయినప్పుడు తిరిగి తీసిన నూలు కొనేవారు తగ్గుతారు. ఉత్పత్తిలో నిజంగా ఎంత రీసైకిల్ నూలు ఉందో తేల్చడానికి గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ వంటి ధ్రువీకరణలు వాడుకలో ఉన్నాయి. కనీసం 20 శాతం రీసైకిల్ పదార్థం ఉంటేనే ఆ ధ్రువీకరణకు అర్హత, వినియోగదారుకు కనిపించే లేబుల్ వేయాలంటే 50 శాతం ఉండాలి. పాలిస్టర్ దుస్తుల్లో ఈ శాతం చాలావరకు పాత ప్లాస్టిక్ సీసాల నుంచి వచ్చినదే తప్ప పాత బట్టల నుంచి వచ్చినది కాదు.

చూడండి: ఘనవ్యర్థాల నిర్వహణ, ఓపెన్ ఎండ్ వడుకు, ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత, పానిపట్